నాబ్ వదలగానే ఆరిపోయే గ్యాస్ ఓవెన్: వాల్వ్ మార్చే ముందు ఏం చూడాలి, మార్చాక ఏం చూడాలి

మల్కాజ్‌గిరి నుంచి మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీది నాలుగు బర్నర్ల కుకింగ్ రేంజ్, కింద గ్యాస్ ఓవెన్, ఎల్పీజీ సిలిండర్ మీద నడుస్తోంది. పైన స్టవ్ బాగానే వెలుగుతోంది. ఓవెన్ మాత్రం నాబ్ నొక్కి పట్టుకున్నంతసేపు మండి, వదలగానే ఆరిపోతోంది. ఎప్పుడైనా నిలబడినా పది నిమిషాల తర్వాత దానంతటదే ఆగిపోతోంది, కేకు మధ్యలో పచ్చిగా ఉండిపోతోంది. మెకానిక్ వచ్చి నాబ్ రెండుసార్లు తిప్పి "వాల్వ్ పోయింది, మొత్తం మార్చాలి" అన్నాడు. మీ అత్తగారేమో వంటింట్లో గ్యాస్ వాసన వస్తోందంటున్నారు, మీకు రావడం లేదు. వాల్వ్ నిజంగానే పోయిందా, మనమే మార్చుకోవచ్చా, హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు.

ముందు మీ అత్తగారి మాట చూద్దాం, ఓవెన్ సంగతి తర్వాత. ఎల్పీజీకి సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలనే ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. రోజంతా వంటింట్లో ఉండేవాళ్ల ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది, హాల్లోంచి అప్పుడే లోపలికి వచ్చినవాళ్లకు వెంటనే తగులుతుంది. కాబట్టి ఆవిడకు వచ్చి మీకు రాకపోవడంలో వింతేమీ లేదు. ఆవిడ చెప్పిందే నమ్మండి. ఎల్పీజీ గాలి కన్నా బరువు, లీకైతే పైకి పోదు. గట్టు కింద సిలిండర్ అరలో, నేల మీద, మూలల్లో పేరుకుంటుంది. నిలబడి చూస్తే రాని వాసన, వంగి చూస్తే వస్తుంది.

ఇది తేలేదాకా వంట అయిపోగానే రెగ్యులేటర్ ఆపేయండి, పడుకునేముందు మళ్లీ ఒకసారి చూసుకోండి. వాసన గట్టిగా వచ్చిందంటే మాత్రం స్విచ్‌ల జోలికి పోవద్దు. వేసి ఉన్న లైటు ఆపకూడదు, ఆపి ఉన్నది వేయకూడదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ అసలే వేయకూడదు. మన ఇళ్లలో చాలాచోట్ల దేవుడి అర వంటింట్లోనో పక్కనో ఉంటుంది. దీపం, అగరొత్తి ఉంటే ఆర్పేసి, రెగ్యులేటర్ ఆపి, కిటికీలు, తలుపులు బార్లా తెరిచి, బయటికి వచ్చాక 1906కి ఫోన్ చేయండి. అది ఎల్పీజీ లీకుల కోసమే ఉన్న ఎమర్జెన్సీ నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

ఇప్పుడు మీ ఓవెన్. నేను ఇన్నేళ్లుగా ఈ పనిలో చూస్తున్నది ఏమిటంటే, "వాల్వ్ పోయింది" అని మార్చేసిన వాటిలో చాలా వాల్వులు బాగానే ఉంటాయి. లోపం దాని పక్కనున్న చిన్న వస్తువులో ఉంటుంది. వాల్వ్ మీద నేరం మోపే ముందు మిగతా వాటిని ఒక్కొక్కటిగా తప్పించాలి. మీరు చెప్పిన రెండు లక్షణాలు చూస్తే, వదలగానే ఆరిపోవడం ఒక సమస్య, పది నిమిషాలకు ఆరిపోవడం ఇంకో సమస్య అయ్యే అవకాశం ఎక్కువ. రెండింటినీ కలిపి చూడబట్టే అంతా వాల్వ్ మీదికి వచ్చింది.

లోపల జరిగేది తెలిస్తే మిగతాది మీకే అర్థమవుతుంది. ఓవెన్ నాబ్ వెనక ఉన్న ఇత్తడి వాల్వ్‌లో గ్యాస్‌కు రెండు అడ్డులుంటాయి. ఒకటి మీరు నాబ్‌తో తిప్పేది. రెండోది స్ప్రింగుతో ఎప్పుడూ మూసుకునే ఉండే చిన్న మూత. నాబ్ లోపలికి నొక్కినప్పుడు ఆ మూత తెరుచుకుంటుంది. వదిలాక కూడా అది తెరిచే ఉండాలంటే ఒక చిన్న అయస్కాంతం దాన్ని పట్టుకోవాలి. ఆ అయస్కాంతానికి కరెంటు ఇంటి లైను నుంచి రాదు. బర్నర్ పక్కన మంటలో మునిగి ఉండే థర్మోకపుల్ అనే సన్నని పుల్ల నుంచి వస్తుంది. దాని కొన వేడెక్కితే 20 నుంచి 30 మిల్లీవోల్టుల దాకా పుడుతుంది, ఒక సన్నని రాగి గొట్టం గుండా అది వాల్వ్‌కు చేరుతుంది. మంట ఆరితే కొన చల్లబడుతుంది, అయస్కాంతం పట్టు వదులుతుంది, స్ప్రింగు మూత మూసేస్తుంది. గాలికి మంట ఆరినా ఇల్లంతా గ్యాస్ నిండకుండా కాపాడేది ఇదే. అందుకే ఈ భాగాన్ని తీసేసి గ్యాస్ నేరుగా వచ్చేలా చేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అలా చేసిన ఓవెన్లు నేను చూశాను, వాటిని వెలిగించడానికి కూడా నాకు మనసు ఒప్పలేదు.

అంటే నాబ్ నొక్కితే మండుతోంది అంటేనే గ్యాస్ వస్తోంది, జెట్ (బర్నర్‌కు గ్యాస్ వదిలే సన్నని రంధ్రం ఉన్న ముక్క) బాగుంది, వాల్వ్ తిరిగే భాగం బాగుంది అని అర్థం. వదలగానే ఆరితే అనుమానం థర్మోకపుల్, దాని నట్, ఆ అయస్కాంతం మీదే. ఈ వరసలోనే చూడాలి.

ముందు మీరెంతసేపు నొక్కి పడుతున్నారో గమనించండి. మంట వచ్చాక పదిహేను సెకన్లయినా గట్టిగా నొక్కి ఉంచాలి. సగం నొక్కితే మూత అయస్కాంతం దాకా వెళ్లదు. నాబ్ వెనక పాత నూనె, పిండి పేరుకున్నా, నాబ్ ప్లాస్టిక్ లోపల అరిగినా పూర్తిగా నొక్కుడు పడదు. నాబ్ లాగేసి, లోపలి కడ్డీని పట్టకారుతో నేరుగా నొక్కి చూడండి. అలా నిలబడితే మార్చాల్సింది నాబ్ ఒక్కటే.

తర్వాత గ్యాస్ ఆపి, ఓవెన్ చల్లారాక, కింది రేకు తీసి థర్మోకపుల్ కొన చూడండి. మసి పట్టి ఉంటే సన్నని ఎమరీ పేపర్‌తో మెల్లగా రుద్ది, పొడిబట్టతో తుడవండి. కొన మంటలో మునగాలి. క్లిప్పు వదులై పక్కకు జరిగినా, ట్రే తగిలి వంగినా మంట దాని పక్క నుంచి పోతుంది, పుల్ల వేడెక్కదు. ఇల్లు మారినప్పుడు సామాను బండిలో వచ్చిన ఓవెన్లలో ఇది చాలా మామూలు. రెండో కొస వాల్వ్‌కు చిన్న నట్‌తో బిగించి ఉంటుంది. అది కాస్త వదులైనా, అక్కడ జిడ్డు, తుప్పు ఉన్నా అంత తక్కువ వోల్టేజి దాటదు. విప్పి, రెండు ముఖాలూ తుడిచి, వేళ్లతో బిగించి ఆపైన పానాతో పావు చుట్టు తిప్పితే చాలు. గట్టిగా బిగిస్తే రాగి కొస చితికిపోతుంది.

అప్పటికీ నిలవకపోతే మల్టీమీటర్ కావాలి. థర్మోకపుల్ పూర్తిగా విప్పి వంటింటి బయటికి తీసుకెళ్లండి. మీటర్‌ను డీసీ మిల్లీవోల్టుల మీద పెట్టి, ఒక తీగ రాగి గొట్టానికి, ఇంకోటి వాల్వ్‌లోకి వెళ్లే కొస మధ్యలో ఉన్న చుక్కకు ఆనించండి. రెండో కొనను కొవ్వొత్తి మంటలో పెట్టండి. రీడింగ్ చకచకా ఎక్కి పది మిల్లీవోల్టులు దాటితే పుల్ల బతికే ఉంది. అయిదారు దగ్గరే ఆగిపోతే, లేదా ఎక్కి పడిపోతూ ఉంటే అదే దోషి. థర్మోకపుల్ ధర వాల్వ్ ధరతో పోలిస్తే చాలా తక్కువ. పొడవు, కొన ఆకారం, నట్ సైజు మాత్రం పాతదానితో సరిపోవాలి, అందుకే పాతది చేత్తో పట్టుకెళ్లి కొనండి. మీ రేంజ్‌లో పై బర్నర్లకు కూడా ఇవే పుల్లలుంటే, పొడవు సరిపోయినదాన్ని తాత్కాలికంగా ఓవెన్‌కు మార్చి చూడటం మీటర్ లేనివాళ్లకు తేలిక దారి.

పుల్ల బాగుంది, నట్ శుభ్రంగా ఉంది, నొక్కుడు పూర్తిగా పడుతోంది, అయినా వదిలితే ఆరిపోతోంది. అప్పుడు లోపం అయస్కాంతంలో, అంటే వాల్వ్‌లో. ఈ మాట అనడానికి ఇప్పుడు మన దగ్గర ఆధారం ఉంది. కొన్ని వాల్వుల్లో అయస్కాంతం విడిగా విప్పి మార్చుకునేలా ఉంటుంది. ఓవెన్ వాల్వుల్లో చాలావాటికి ఆ వీలుండదు.

ఇక పది నిమిషాలకు ఆరిపోయే సంగతి. ఇది ఎక్కువమంది పట్టించుకోరు కానీ బేకింగ్ చేసేవాళ్లను బాగా ఏడిపిస్తుంది. మీ ఓవెన్ నాబ్ మీద డిగ్రీలు రాసి ఉన్నాయన్నారు, కాబట్టి అది థర్మోస్టాట్ ఉన్న వాల్వ్. దాని నుంచి ఒక సన్నని తీగలాంటి గొట్టం ఓవెన్ లోపలికి వెళ్లి, పెన్సిల్ అంత లావున్న బల్బుతో ముగుస్తుంది. అందులో ద్రవం ఉంటుంది. ఓవెన్ వేడెక్కితే ఆ ద్రవం వ్యాకోచించి వాల్వ్‌ను మెల్లగా మూస్తుంది. మీరు పెట్టిన 180 డిగ్రీలు రాగానే పెద్దమంట తగ్గి చిన్నమంట అవుతుంది. ఆ చిన్నమంటకు గ్యాస్ బైపాస్ అనే సన్నని రంధ్రం గుండా వస్తుంది. ఆ రంధ్రంలో పాత గ్రీజు చేరిందనుకోండి, చిన్నమంట మరీ చిన్నదైపోతుంది, థర్మోకపుల్ కొనను తాకదు. పుల్ల చల్లబడుతుంది, అయస్కాంతం వదిలేస్తుంది, ఓవెన్ ఆరిపోతుంది. ఇక్కడ వాల్వ్‌లోని రక్షణ భాగం తన పని తాను సరిగ్గానే చేస్తోంది. లోపం చిన్నమంటది.

పరీక్ష ఇలా చేయండి. ఓవెన్ వెలిగించి, నాబ్ ఎక్కువ మీద పెట్టి పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వండి. ఆ తర్వాత నాబ్‌ను ఒక్కసారిగా కనిష్ఠానికి తిప్పి, అడుగు రేకు సందులోంచి మంట చూడండి. బర్నర్ చుట్టూ సన్నగా, నీలంగా, తెగకుండా ఉండాలి. అక్కడక్కడా ఆరిపోయి ఒక మూల మాత్రమే మండుతూ ఉంటే, ఓవెన్ తలుపు కాస్త గట్టిగా వేయగానే ఆరిపోతే, బైపాస్ శుభ్రం చేయాలి. నాబ్ తీస్తే కడ్డీ పక్కన చిన్న ఇత్తడి స్క్రూ కనిపిస్తుంది, అదే బైపాస్ స్క్రూ. ఎల్పీజీ మీద నడిచే వాటిలో చాలావరకు అది పూర్తిగా బిగించి ఉండాలి, మీ మాన్యువల్లో ఏముందో చూసుకోండి. గ్యాస్ ఆపి, స్క్రూను పూర్తిగా విప్పి, దాని మధ్య రంధ్రాన్ని కిరోసిన్‌లోనో థిన్నర్‌లోనో నానబెట్టి, ఆరాక గాలి ఊది, మళ్లీ బిగించాలి. సూదితో, పిన్నీసుతో పొడవద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా మంట లెక్క మారిపోతుంది. బర్నర్ జెట్‌కూ ఇదే మాట. చాలా జెట్‌ల మీద రంధ్రం సైజు మిల్లీమీటరులో వందో వంతు లెక్కన చెక్కి ఉంటుంది. 75 అని ఉంటే 0.75 మి.మీ. అన్నమాట.

పది నిమిషాలకు ఆరిపోవడానికి ఇంకో కారణం ఉంది. అది మీ ఇంట్లో ఉందేమో చూడండి. ఓవెన్ అడుగున నూనె పడకుండా అల్యూమినియం ఫాయిల్ పరిచే అలవాటు చాలామందికి ఉంది. అడుగు రేకులో ఉండే రంధ్రాలు గాలి, వేడి తిరగడానికి పెట్టినవి. ఫాయిల్ వాటిని మూసేస్తే మంటకు గాలి అందదు. మంట పసుపుగా, మెత్తగా మారి, చివరికి ఆరిపోతుంది. ఫాయిల్ తీసేసి ఒకసారి కేకు పెట్టి చూడండి. మొత్తం ఖర్చు అక్కడితోనే తప్పిపోవచ్చు.

అమెరికా నుంచి తిరిగొస్తూ సామానుతో పాటు రేంజ్ తెచ్చుకున్నవాళ్లు హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు కాబట్టి వాళ్లకోసం ఒక మాట. ఆ ఓవెన్ల పద్ధతి వేరు. చాలావాటిలో థర్మోకపుల్ ఉండదు, కరెంటుతో ఎర్రగా కాలి గ్యాస్‌ను అంటించే ఇగ్నైటర్ ఉంటుంది. దాని గుండా సరిపడా కరెంటు ప్రవహిస్తేనే గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. చదునుగా ఉండే రకం ఇగ్నైటర్‌కు మామూలుగా 3.2 నుంచి 3.6 ఆంపియర్లు కావాలి. పాతబడ్డ ఇగ్నైటర్ కంటికి ఎర్రగానే కనిపిస్తుంది కానీ అంత కరెంటు తీసుకోదు, గ్యాస్ రాదు. అందరూ వాల్వ్ చచ్చిందనుకుంటారు. తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే తేలిపోతుంది. ఆ వాల్వ్ పనిచేసేది మూడు వోల్టుల చుట్టుపక్కల, పరీక్షించడానికని దానికి నేరుగా లైన్ కరెంటు ఇస్తే అక్కడికక్కడే మాడిపోతుంది.

మళ్లీ మీ విషయానికి వస్తాను. వాల్వ్ నిజంగా మార్చాల్సిన సందర్భాలు ఇవి. పైన చెప్పినట్టు పుల్ల బాగున్నా అయస్కాంతం పట్టకపోవడం. నాబ్ ఆపి ఉన్నా బర్నర్ దగ్గర గ్యాస్ వాసన రావడం. వాల్వ్ కడ్డీ దగ్గర సబ్బునీళ్లు పూస్తే బుడగలు రావడం. థర్మోస్టాట్ బల్బుగానీ గొట్టంగానీ చిరిగి ద్రవం కారిపోవడం. అలా కారిపోతే ఎన్ని డిగ్రీలు పెట్టినా మంట తగ్గదు, పైభాగం మాడి లోపల పచ్చిగా ఉంటుంది. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంకోటి ఉంది, మంట లేకపోయినా మూత మూసుకోకపోవడం.

ఆ చివరిది పైకి కనిపించదు, ఎందుకంటే ఓవెన్ అద్భుతంగా మండుతూ ఉంటుంది. కిటికీలు తెరిచి, ఇంట్లో ఇంకే మంటా లేకుండా చూసుకుని ఇలా పరీక్షించండి. ఓవెన్ వెలిగించి రెండు నిమిషాలు మండనివ్వండి. నాబ్ తిప్పకుండా రెగ్యులేటర్ దగ్గర గ్యాస్ ఆపండి. మంట ఆరుతుంది. చెవి పెట్టి వినండి, ఒక నిమిషం లోపల వాల్వ్‌లోంచి టక్కుమని చిన్న శబ్దం రావాలి. అదే మూత మూసుకున్న శబ్దం. రెండు నిమిషాలు ఆగి రెగ్యులేటర్ మళ్లీ తెరవండి. నాబ్ తెరిచే ఉన్నా ఓవెన్‌లోంచి గ్యాస్ శబ్దంగానీ వాసనగానీ రాకూడదు. వచ్చిందంటే వెంటనే రెగ్యులేటర్ ఆపి, ఆ ఓవెన్ వాడటం మానేయండి. కొత్త వాల్వ్ పడేదాకా పై స్టవ్ కూడా వెలిగించవద్దు, ఎందుకంటే అదే పైపు మీద ఓవెన్ వాల్వ్ కూడా ఉంది.

ఇక్కడ గ్రీజు ప్రస్తావన తేవాలి. మామూలు స్టవ్ కాక్, అంటే పై బర్నర్ నాబ్ వెనకుండే వాల్వ్, బిగుసుకుపోతే విప్పి, పాత గ్రీజు తుడిచి, వేడికి తట్టుకునే గ్యాస్ గ్రీజు పూతలా రాస్తే మళ్లీ సాఫీగా తిరుగుతుంది. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వేస్తే కొన్నాళ్లు తిరిగి, తర్వాత బంకలా గట్టిపడి లీకు మొదలవుతుంది. థర్మోస్టాట్ ఉన్న ఓవెన్ వాల్వ్‌ను మాత్రం విప్పి బాగుచేయాలని చూడవద్దు. దాని లోపలి అమరిక ఫ్యాక్టరీలో సరిచూసి పెట్టినది, ఇంట్లో విప్పితే డిగ్రీల లెక్క తప్పుతుంది. పాత ఓవెన్లోంచి తీసిన సెకండ్‌హ్యాండ్ వాల్వ్ కూడా వద్దు.

మీరే మార్చుకోవచ్చా అని అడిగారు. థర్మోకపుల్, నాబ్, బైపాస్ శుభ్రం చేయడం చేతి ఒడుపు ఉన్నవాళ్లు ఇంట్లో చేసుకోవచ్చు. వాల్వ్ మాత్రం కంపెనీ సర్వీస్ వాళ్లతోగానీ, మీ గ్యాస్ డీలర్ పంపే మెకానిక్‌తోగానీ చేయించండి. నేను కింద రాసేది వాళ్లు చేసేటప్పుడు మీరు పక్కన నిలబడి చూడటానికి. ఏం జరుగుతోందో తెలిసిన ఇంటివాళ్లు పక్కన ఉంటే పని శ్రద్ధగా జరుగుతుంది.

వాల్వ్ కొనేముందు ఓవెన్ తలుపు అంచు మీదో, వెనకవైపో అంటించిన స్టిక్కర్‌లోని మోడల్ నంబరు ఫోటో తీసుకోండి. పాత వాల్వ్ ఒంటి మీద కూడా తయారీదారు పేరు, నంబరు చెక్కి ఉంటాయి. చాలా రేంజ్‌లలో లోపలుండేవి ఇటలీకి చెందిన సబాఫ్, స్పెయిన్‌కు చెందిన కోప్రెసీ లాంటి కంపెనీల వాల్వులే, పైన బ్రాండు ఏదైనా సరే. కంపెనీ సర్వీస్ సెంటర్ మొదటి దారి. అక్కడ లేదంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగి చూడవచ్చు, కానీ పాత వాల్వ్ చేతిలో లేకుండా వెళ్లవద్దు. కడ్డీ పొడవు, కడ్డీకి ఒకవైపు ఉండే చదును ఏ దిక్కున ఉంది, పైపుకు బిగించేది స్క్రూల క్లాంపా, మరా, థర్మోకపుల్ నట్ సైజు, బల్బు గొట్టం పొడవు, డిగ్రీల పరిధి, ఇవన్నీ కలవాలి. ఒక్క చదును దిక్కు మారినా నాబ్ ఆఫ్ అని చూపిస్తూ వాల్వ్ తెరిచి ఉండే ప్రమాదం ఉంది. ఎల్పీజీకి తయారైనదా, పైపు గ్యాస్‌కు తయారైనదా అన్నది కూడా అడగాలి, బైపాస్ రంధ్రం తేడా ఉంటుంది.

మార్చే రోజు రెగ్యులేటర్ ఆపడం ఒక్కటే సరిపోదు. సిలిండర్ మీది నుంచి రెగ్యులేటర్ తీసేసి మూత పెట్టాలి. అంతకంటే ముందు రెగ్యులేటర్ ఆపి ఒక బర్నర్ వెలిగించి, పైపులో మిగిలిన గ్యాస్ మండి ఆరిపోయేదాకా ఉంచాలి. మంట అంటించే స్పార్క్‌కు కరెంటు ఇచ్చే ప్లగ్గు గోడ నుంచి తీయాలి. ఆ తర్వాత నాబులు, గిన్నెల స్టాండ్లు, బర్నర్ మూతలు తీసి, స్క్రూలు విప్పి పై రేకు ఎత్తితే అన్ని వాల్వులూ ఒకే పైపు మీద వరసగా కనిపిస్తాయి. ఏ తీగ ఎక్కడ ఉందో అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయమనండి. స్పార్క్ తీగలు, నాబ్ వెనకుండే స్పార్క్ స్విచ్ (మైక్రోస్విచ్) మళ్లీ పెట్టేటప్పుడు ఆ ఫోటోలే దిక్కు.

వాల్వ్ నుంచి బర్నర్‌కు వెళ్లే అల్యూమినియం గొట్టం నట్ విప్పేటప్పుడు రెండు పానాలుండాలి. ఒకటి వాల్వ్ ఒంటిని కదలకుండా పట్టుకోవడానికి, ఇంకోటి నట్ తిప్పడానికి. ఒకే పానాతో లాగితే గొట్టం మెలితిరిగి కంటికి కనపడని చీలిక వస్తుంది. ఆ లీకు కొన్ని వారాల తర్వాత బయటపడుతుంది. థర్మోస్టాట్ బల్బును ఓవెన్ లోపలి క్లిప్పుల నుంచి మెల్లగా తప్పించాలి. కొత్త గొట్టాన్ని గుండ్రంగా వంచుతూ లోపలికి పంపాలి, మడత పడితే ఆ కొత్త వాల్వ్ పాతదానికంటే అధ్వానమవుతుంది. బల్బు ఓవెన్ గోడకు ఆనకుండా క్లిప్పులోనే కూర్చోవాలి.

పైపుకూ వాల్వ్‌కూ మధ్య రబ్బరు గాస్కెట్ ఉంటుంది. పాతది మళ్లీ పెట్టనివ్వవద్దు. కొత్త వాల్వ్‌తో గాస్కెట్ రాకపోతే విడిగా తెప్పించాలి. పాత గాస్కెట్ ముక్క పైపుకు అంటుకుని ఉంటే పూర్తిగా గీకి తీయాలి. క్లాంప్ స్క్రూలు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. నీళ్ల కుళాయిలకు చుట్టే తెల్లటి టేపు గాస్కెట్ జాయింట్ మీద ఎందుకూ పనికిరాదు. మర ఉన్న జాయింట్‌కు గ్యాస్ కోసం తయారైన టేపే వాడాలి.

బిగించడం అయ్యాక లీకు పరీక్ష. చాలామంది ఇక్కడే తొందరపడతారు. నాబులన్నీ ఆపి, రెగ్యులేటర్ తెరిచి, సబ్బునీళ్లు బ్రష్‌తో పూసి, బుడగలు లేవు, అయిపోయింది అంటారు. కానీ నాబ్ ఆపి ఉన్నప్పుడు గ్యాస్ వాల్వ్ దాకానే వస్తుంది. వాల్వ్ దాటిన తర్వాత ఉన్న గొట్టం నట్ దగ్గర అసలు గ్యాసే ఉండదు, ఇక బుడగ ఎక్కడినుంచి వస్తుంది? అందుకని పరీక్ష రెండుసార్లు జరగాలి. మొదటిసారి నాబులు ఆపి, పైపు జాయింట్లు, వాల్వ్ కడ్డీలు, రెగ్యులేటర్ దగ్గర పైపు కొస. రెండోసారి ఓవెన్ వెలిగించి, వాల్వ్ నుంచి బయటికి వచ్చే నట్ దగ్గర, జెట్‌కు వెళ్లే గొట్టం పొడవునా. బుడగ ఒక్కోసారి సబ్బు నురగలో దాగి ఉంటుంది, ఒక నిమిషం కళ్లప్పగించి చూడాలి. ఒకేచోట మళ్లీ మళ్లీ పెరిగే బుడగే లీకు. అగ్గిపుల్లతో వెతికే పద్ధతి ఎవరు చేయబోయినా ఆపండి. పరీక్ష అయ్యాక సబ్బంతా తడిబట్టతో తుడిచేయాలి.

ఇంకా నమ్మకంగా కావాలంటే మెకానిక్ దగ్గర యూ ఆకారపు నీళ్ల గొట్టం గేజ్ ఉందా అని అడగండి. ఇంటి ఎల్పీజీ రెగ్యులేటర్ ఇచ్చే ఒత్తిడి దాదాపు 30 మిల్లీబార్లు, అంటే గొట్టంలో రెండు నీటి మట్టాల మధ్య సుమారు 30 సెంటీమీటర్ల తేడా. గేజ్ పెట్టి, నాబులన్నీ ఆపి, రెగ్యులేటర్ ఆపేసి, అయిదు నిమిషాలు చూడాలి. నీటి మట్టం కదలకూడదు. మీ అత్తగారికి వచ్చిన వాసన ఎక్కడిదో ఒకటే మాటలో తేల్చేది ఇదే. మట్టం దిగితే లీకు స్టవ్, పైపు వైపే ఉంది. నిలకడగా ఉండి వాసన మాత్రం వస్తూ ఉంటే సిలిండర్ వాల్వ్ దగ్గర, రెగ్యులేటర్ కూర్చునే చోట వెతకాలి. అక్కడుండే చిన్న రబ్బరు రింగు పాడవడం చాలా మామూలు, దాన్ని డీలర్ మనిషి మారుస్తాడు. పనిలో పనిగా నారింజ రంగు సురక్షా పైపు మీద అచ్చేసిన తేదీ కూడా చూడండి. దానికి అయిదేళ్ల గడువు.

మంట సరిచూడటం చివరిది. పెద్దమంట నీలంగా, బర్నర్‌కు అంటిపెట్టుకుని ఉండాలి. కొనలు పసుపు తిరిగితే గాలి తక్కువ, మంట బర్నర్ వదిలి శబ్దం చేస్తూ ఎగిరితే గాలి ఎక్కువ. జెట్ దగ్గర గాలి దారిని చిన్నదీ పెద్దదీ చేసే పట్టీ జరిపితే సర్దుకుంటుంది. తర్వాత పైన చెప్పిన చిన్నమంట పరీక్ష, తలుపు పరీక్ష, టక్కుమనే శబ్దం పరీక్ష మూడూ కొత్త వాల్వ్ మీద మళ్లీ చేయించండి. కొత్తది కదా అని వదిలేయవద్దు. తొలి రెండు మూడు సార్లు ఖాళీ ఓవెన్‌ను 180 మీద పెట్టి, లోపల ఓవెన్ థర్మామీటర్ ఉంచి చూస్తే నాబ్ చూపించేదానికీ అసలు వేడికీ తేడా ఎంతో తెలుస్తుంది. కేకులు చేసేవాళ్లకు ఆ తేడా తెలియడం ఎంతో అవసరం.

మీ అపార్ట్‌మెంట్‌కు పైపు గ్యాస్ రాబోతోందని చివర్లో రాశారు. భాగ్యనగర్ గ్యాస్, అంటే గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి నడిపే సంస్థ, కనెక్షన్ ఇచ్చేటప్పుడు స్టవ్ జెట్‌లు మార్చాలి. పైపు గ్యాస్ ఎక్కువగా మీథేన్, ఒత్తిడి 21 మిల్లీబార్లు, అదే మోతాదు గ్యాస్‌లో వేడి ఎల్పీజీ కన్నా బాగా తక్కువ. అందుకే పెద్ద రంధ్రం జెట్ కావాలి. పై బర్నర్లకు మార్చి ఓవెన్‌ను మరచిపోవడం తరచూ జరుగుతుంది. అప్పుడు ఓవెన్ మంట నీరసంగా వస్తుంది, థర్మోకపుల్ కొనను తాకదు, మీరిప్పుడు చెబుతున్న లక్షణమే మళ్లీ కనిపిస్తుంది. ఓవెన్ జెట్, బైపాస్ రెండూ మార్చారా అని ఆ రోజే అడగండి. కనెక్షన్ త్వరలోనే వస్తుందంటే, ఎల్పీజీకీ పైపు గ్యాస్‌కూ రెండింటికీ సర్దుకునే బైపాస్ స్క్రూ ఉన్న వాల్వ్ తీసుకోవడం మంచిది.

ఇంకో విషయం, మీరు కేకులు ఆర్డర్ల మీద అమ్ముతున్నామన్నారు. 14.2 కిలోల ఇంటి సిలిండర్‌ను వ్యాపారానికి వాడటం నిబంధనలకు విరుద్ధం. ఆర్డర్లు పెరుగుతున్నాయంటే 19 కిలోల కమర్షియల్ కనెక్షన్ గురించి డీలర్‌తో మాట్లాడండి.

ముందుగా ఫాయిల్ తీసి, నాబ్ లాగి కడ్డీ నొక్కి, థర్మోకపుల్ కొన తుడిచి చూడండి. మిల్లీవోల్టులు ఎంత వచ్చాయో, చిన్నమంట ఎలా ఉందో ఫోటోతో సహా ఇక్కడే రాస్తే, వాల్వ్ మార్చాలా వద్దా అన్నది అది చూసి చెబుతాను.